ఈత రాని కొత్త జంట, నాలుగు రాత్రుల మాల్దీవులు: వాటర్ విల్లా కన్నా ముందు దీవిని చూసుకోండి

తర్వాత చదివేవాళ్ళకి కూడా అర్థమయ్యేలా ముందు మీ ప్రశ్న రెండు ముక్కల్లో చెప్తాను. ఫిబ్రవరిలో మీ పెళ్ళి. నెలాఖరులో మాల్దీవుల్లో ఒక ఐలాండ్ రిసార్టులో నాలుగు రాత్రులు ఉండాలనుకుంటున్నారు. వాటర్ విల్లా (సముద్రపు నీళ్ళ మీద స్తంభాలపై కట్టిన గది), సీప్లేన్ (నీళ్ళ మీద దిగే చిన్న విమానం), ఉదయం టిఫిన్, రాత్రి భోజనం కలిపి ఇద్దరికీ 3 లక్షల 20 వేలు అని ఏజెంటు చెప్పారు, విమానం టిక్కెట్లు వేరే. మీ ఇద్దరికీ ఈత రాదు. కాబోయే మీ ఆవిడ గుడ్డు కూడా ముట్టరు. ఇంత డబ్బు పెట్టొచ్చా, పైన ఇంకా ఎంత పడుతుంది, వాటర్ విల్లానే తీసుకోవాలా అని అడిగారు.

నేను అక్కడి రిసార్టుల్లో ఫ్రంట్ ఆఫీసులో పనిచేశాను. ఇప్పుడు హైదరాబాదులో ఉంటూ మనవాళ్ళకి ఈ ప్రయాణాలు ప్లాన్ చేసిపెడుతున్నాను. పెట్టొచ్చా అంటే, పెట్టొచ్చు. కానీ మీ ఏజెంటు పంపిన కాగితంలో విల్లా ఫొటోలే ఉన్నాయి, దీవి గురించి ఒక్క మాట లేదు. నా దృష్టిలో అసలు లోటు అదే.

మాల్దీవుల్లో దాదాపు 1,200 దీవులుంటే జనం ఉండేవి 200 లోపే. రిసార్టులకి మొదటి నుంచీ వేరే దీవులు ఇచ్చారు, ఒక దీవికి ఒక రిసార్టు. 1972లో కురుంబాతో మొదలైన పద్ధతి ఇది. అందుకే అంత ఏకాంతం. అందుకే ఒకసారి దిగాక బయటికి వెళ్ళడానికి ఏమీ ఉండదు. గోవాలో హోటల్ నచ్చకపోతే ఆటో ఎక్కి ఇంకో బీచ్‌కి పోతాం, పక్క సందులో భోంచేస్తాం. ఇక్కడ ఆ వీలు లేదు. ఆ దీవి చుట్టూ ఉన్న సముద్రమే మీ సముద్రం, ఆ వంటగదే మీ వంటగది. కొన్ని దీవుల్ని పది నిమిషాల్లో చుట్టి రావచ్చు. గది ఎంత బాగున్నా నాలుగు రోజులూ గదిలోనే కూర్చోరు కదా. కాబట్టి విల్లా ఎంపిక రెండో మెట్టు, దీవి ఎంపిక మొదటి మెట్టు.

దీవిని ఎలా చూడాలంటే, ఏజెంటు చెప్పిన రిసార్టు పేరు గూగుల్ మ్యాప్స్‌లో కొట్టి శాటిలైట్ వ్యూ పెట్టండి. పచ్చటి చెట్ల ముద్ద, దాని చుట్టూ లేత నీలం, ఆ తర్వాత ఉన్నట్టుండి ముదురు నీలం కనిపిస్తాయి. లేత నీలం అంటే లోతు తక్కువ ఉన్న ఇసుక నేల, దాన్ని లగూన్ అంటారు. ముదురు నీలం మొదలయ్యే అంచు దగ్గర పగడపు గోడ నిట్టనిలువుగా కిందికి దిగుతుంది. చేపలు, తాబేళ్ళు, రంగులు అన్నీ ఆ అంచు మీదే. దీవిని ఆనుకుని ఉన్న ఆ పగడపు దిబ్బనే హౌస్ రీఫ్ అంటారు. ఆ అంచు బీచ్‌కి ముప్పై నలభై మీటర్ల దూరంలో ఉంటే ఒడ్డు నుంచే నీళ్ళలోకి దిగి తేలుతూ వెళ్ళి చూసేయొచ్చు. అర కిలోమీటరు దూరంలో ఉంటే ప్రతిసారీ పడవ ఎక్కాలి, ప్రతిసారీ డబ్బు కట్టాలి.

బ్రోషర్లలో కనిపించే ఆ పాలపిట్ట రంగు నీళ్ళన్నీ లగూన్లే. ఫొటోకి అవే అందం. కానీ అక్కడ నీళ్ళలోకి తొంగిచూస్తే ఉండేది ఇసుకే, మహా అయితే ఒక టేకు చేప, అంటే స్టింగ్‌రే. చాలా వాటర్ విల్లాలు కట్టేది ఈ లగూన్ మీదే. "మా విల్లా మెట్ల దగ్గరే చేపలు కనిపిస్తాయనుకున్నాం, ఒక్కటీ రాలేదు" అని గెస్టులు మాతో ఎంత బాధగా చెప్పేవారో. అది రిసార్టు తప్పు కాదు, ఆ చోటి స్వభావం అంతే.

మీ ఇద్దరికీ ఈత రాదు కాబట్టి లగూన్ మీకు నిజానికి మంచిది. నడుము లోతు నీళ్ళు, మెత్తటి ఇసుక, అలలు ఉండవు, భయం లేకుండా గంటలు గంటలు కూర్చోవచ్చు. కాకపోతే ఒక వైపు లగూన్, ఇంకో వైపు దగ్గరలో రీఫ్ అంచు ఉన్న దీవి చూసుకోండి. అలాంటివి చాలానే ఉన్నాయి. ఈ మధ్య సముద్రంలోంచి ఇసుక తోడిపోసి కట్టిన దీవులు కూడా వచ్చాయి. మ్యాప్‌లో వాటి ఒడ్డు స్కేలు పెట్టి గీసినట్టు ఉంటుంది, చెట్లు పల్చగా ఉంటాయి. సౌకర్యాలు కొత్తవి, ధర కాస్త తక్కువ. కానీ నీడ ఉండదు, దగ్గర్లో సరైన రీఫ్ కూడా సాధారణంగా ఉండదు. మీరు పెట్టే డబ్బుకి నేనైతే పాత చెట్లున్న దీవే చెప్తాను.

ఇక వాటర్ విల్లా సంగతి. ఒక రాత్రైనా అందులో ఉండాలన్న మీ కోరికని కాదనను. తెల్లవారుజామున తలుపు తీస్తే కాళ్ళ కింద సముద్రం, అది వేరే అనుభవమే. కానీ నాలుగు రాత్రులూ అందులోనే ఎందుకు? ఏకాంతం కోసం వెళ్తున్నామని రాశారు. వాటర్ విల్లాలు ఒక చెక్క వంతెనకి అటూ ఇటూ వరసగా ఉంటాయి. కొన్ని రిసార్టుల్లో పక్క విల్లా డెక్ (ఆరుబయటి చెక్క అరుగు) మీదివాళ్ళు ఏం మాట్లాడుకుంటున్నారో కూడా వినిపిస్తుంది. బీచ్ విల్లా అలా కాదు. ముందు ఇసుక, చుట్టూ పొదలు, మీ వాకిట్లోకి ఎవరూ రారు. పైగా ఈత రానివాళ్ళు నిచ్చెన పట్టుకుని నీళ్ళలోకి దిగడం కన్నా, ఒడ్డు నుంచి ఒక్కో అడుగూ వేసుకుంటూ వెళ్ళడం ఎంతో నయం. వాటర్ విల్లా మెట్ల కింద ఎంత లోతు ఉందో కూడా ముందే అడగండి. కొన్నిటికి ఛాతీ లోతు, కొన్నిటికి నిలువు లోతు దాటి ఉంటుంది.

మీకు నా సలహా: మొదటి రెండు రాత్రులు బీచ్ విల్లా, తర్వాతి రెండు వాటర్ విల్లా. ఇలా విడగొట్టి బుక్ చేయడం అక్కడ మామూలే, ఖర్చూ తగ్గుతుంది. సామాను వాళ్ళే మారుస్తారు. మారే రోజు మధ్యాహ్నం ఒక రెండు గంటలు చేతిలో గది ఉండదు, ఆ టైముకి లంచ్ పెట్టుకుంటే సరిపోతుంది. వరస తిప్పకండి. ముందు వాటర్ విల్లాలో ఉండి తర్వాత బీచ్ విల్లాకి మారినవాళ్ళకి చివరి రెండు రోజులూ ఏదో తగ్గినట్టు అనిపిస్తుంది.

ఫిబ్రవరిలో గాలి ఈశాన్యం నుంచి వస్తుంది. పడమటి వైపు విల్లాల దగ్గర నీళ్ళు ప్రశాంతంగా ఉంటాయి, సూర్యాస్తమయం కూడా అటే. అందుకే సన్‌సెట్ విల్లా అని కొంచెం ఎక్కువ తీసుకుంటారు. మీ నెలకి ఆ తేడా పెట్టొచ్చు. జూన్ నుంచి ఆగస్టు దాకా గాలి నైరుతి నుంచి, అంటే పడమటి వైపు నుంచే కొడుతుంది కాబట్టి, అప్పుడు వెళ్ళేవాళ్ళకి నేను తూర్పు వైపే చెప్తాను. ఇసుక కూడా గాలిని బట్టి దీవి ఒక పక్క నుంచి ఇంకో పక్కకి జరుగుతుంది. వేరే నెలలో తీసిన ఫొటో చూసి బీచ్ అక్కడే ఉంటుందనుకోవద్దు. "మా నెలలో ఈ విల్లా ముందు ఇసుక ఉంటుందా" అని రిసార్టుకి మెయిల్ పెడితే నిజం చెప్తారు.

నెల ఎంపిక గురించి మీకు బెంగ అక్కర్లేదు. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా పొడి కాలం, అందులో ఫిబ్రవరి, మార్చి మంచి నెలలు. ఆకాశం తేటగా ఉంటుంది, నీళ్ళలో చాలా దూరం కనిపిస్తుంది. యూరప్‌లో చలికాలం కావడం, చైనా కొత్త సంవత్సరం సెలవులు అటూ ఇటూ అప్పుడే పడటం వల్ల రేట్లు గట్టిగా ఉంటాయి. మే నుంచి సెప్టెంబరు మధ్య అదే గది బాగా తక్కువకి దొరుకుతుంది. వాన పడినా రోజంతా పడదు, కానీ గాలి, అలలు ఎక్కువ. ఈత రాని మీకు ఫిబ్రవరే సరైనది.

ఇప్పుడు డబ్బు లెక్క. ఇక్కడే ఎక్కువమందికి తర్వాత టెన్షన్. రిసార్టు రేటు పక్కన రెండు ప్లస్ గుర్తులు ఉన్నాయేమో చూడండి. ఉంటే సర్వీస్ ఛార్జీ, పన్ను అందులో కలపలేదని అర్థం. సర్వీస్ ఛార్జీ 10 శాతం. దాని మీద టూరిజం జీఎస్టీ 2025 జులై నుంచి 17 శాతం. రెండూ కలిస్తే అసలు ధర మీద 28.7 శాతం. ఇది కాక గ్రీన్ ట్యాక్స్, రిసార్టుల్లో మనిషికి రోజుకి 12 డాలర్లు. 2025 జనవరికి ముందు అది 6 డాలర్లే, కాబట్టి పాత వీడియోలు చూసి లెక్క వేసుకోకండి. ఉదాహరణకి రాత్రికి 500 డాలర్ల గది అనుకుందాం. సర్వీస్ ఛార్జీతో 550, పన్నుతో 643.50, ఇద్దరి గ్రీన్ ట్యాక్స్ 24 కలిపితే 667.50. నాలుగు రాత్రులకి 2,000 అనుకున్నది 2,670 అవుతుంది. ఆ 670 డాలర్లు మీ 3 లక్షల 20 వేలలో ఉన్నాయా లేదా అన్నది ఏజెంటు దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి. "అన్నీ కలిపే సార్" అన్న మాట చాలదు.

రెండోది భోజనం. మీ ప్యాకేజీలో మధ్యాహ్న భోజనం లేదు. బయట కొట్టు ఉండదు, తెప్పించుకోవడానికి స్విగ్గీ రాదు. ఇద్దరు రిసార్టులో మామూలుగా లంచ్ చేస్తే పన్నులతో 80 నుంచి 100 డాలర్లు సులువుగా అవుతుంది. డిన్నర్ ప్యాకేజీలో ఉన్నా, చాలాచోట్ల ఆ టేబుల్ మీద తాగే వాటర్ బాటిల్‌కి కూడా బిల్లు వేస్తారు. అందుకే మూడు పూటలూ కలిసిన ఫుల్ బోర్డుకి ఎంత తేడా అని అడగండి, చాలావరకు అదే లాభం. ఆల్ ఇన్‌క్లూజివ్, అంటే తిండి, తాగుడు అన్నీ కలిసిన ప్లాన్ ధరలో పెద్ద భాగం మద్యానిది. మీరు తాగకపోతే ఆ ప్లాన్ మీకు అక్కర్లేదు.

ఇంత రేట్లు ఎందుకో కూడా చెప్తాను, అక్కడ పనిచేసినవాడిగా నాకు చెప్పాలనిపిస్తుంది. ఆ దీవి మీద కూరగాయలు సరిగ్గా పండవు. టమాటా దగ్గర నుంచి పాల దాకా విదేశాల నుంచి రాజధాని మాలే వచ్చి, అక్కడి నుంచి పడవలో రిసార్టుకి రావాలి. తాగే నీళ్ళు, స్నానం నీళ్ళు సముద్రపు నీటిలోంచి ఉప్పు తీసి తయారుచేసుకుంటారు. కరెంటు ఎక్కువగా డీజిల్ జనరేటర్ల మీదే. దీవి మధ్యలో చెట్ల వెనక ఒక చిన్న ఊరే నడుస్తుంటుంది: సిబ్బంది గదులు, లాండ్రీ, వంటశాల, జనరేటర్ షెడ్డు. అందులో మలయాళీలు, బెంగాలీలు, శ్రీలంక వాళ్ళు, నేపాలీలు, మన తెలుగువాళ్ళు కూడా ఉంటారు. మీరు కట్టే సర్వీస్ ఛార్జీ వాళ్ళకి పంచేదే. అయినా మీ గది చూసుకున్న మనిషి చేతిలో వెళ్ళేటప్పుడు కొన్ని డాలర్లు పెడితే చాలా సంతోషిస్తారు. బుకింగ్‌లో "జనరేటర్‌కి దూరంగా" అని ఒక ముక్క రాయించుకోండి.

మీ ఆవిడ భోజనం విషయంలో భయం వద్దు, కానీ ముందే చెప్పాలి. పెద్ద రిసార్టుల్లో చాలావాటిలో ఇండియన్ షెఫ్ ఉంటారు. పప్పు, అన్నం, పెరుగు, రోటీ దొరుకుతాయి. బుక్ చేసేటప్పుడే "చేప, మాంసం, గుడ్డు ఏవీ తినరు" అని విడివిడిగా రాయండి. వట్టి వెజిటేరియన్ అంటే చేపల స్టాకుతో చేసిన సూప్, గుడ్డు కలిపిన కేకు ఇచ్చే అవకాశం ఉంది. ఎండబెట్టిన ట్యూనా చేప అక్కడి వంటలో మనకి చింతపండు లాంటిది, ఎక్కడైనా పడుతుంది. ఉదయం బఫేలో మాస్‌హుని అని ఒకటి పెడతారు. చూడ్డానికి ఉల్లిపాయ, పచ్చిమిర్చి కలిపిన కొబ్బరి కోరులా ఉంటుంది, పక్కన రొట్టె కూడా ఉంటుంది. అది చేప. దిగిన మొదటి సాయంత్రమే షెఫ్‌ని ఒకసారి పిలిపించుకుని మాట్లాడండి, మొహమాటపడకండి. మర్నాటి నుంచి ఆయనే టేబుల్ దగ్గరికి వచ్చి మీకేం కావాలో కనుక్కుంటారు. కొత్త జంట అని తెలిస్తే గదిలో కేకు పెడతారు, అది గుడ్డు లేకుండా చేయమని ముందే రాయాలి. ఆవకాయ, కారప్పొడి చిన్న ప్యాకెట్లు తీసుకెళ్తే చెక్-ఇన్ బ్యాగులోనే, నూనె కారకుండా.

సీప్లేన్ గురించి మనవాళ్ళకి సరిగ్గా చెప్పేవాళ్ళు తక్కువ. అది పగటి పూట మాత్రమే ఎగురుతుంది. మీ విమానం మాలేలో మధ్యాహ్నం మూడున్నర తర్వాత దిగితే ఆ రోజు సీప్లేన్ దొరకదనే అనుకోవాలి. అప్పుడు పక్కనున్న హుల్హుమాలేలో హోటల్ తీసుకుని పడుకోవాలి, రిసార్టులో కట్టిన రాత్రి పోయినట్టే. హైదరాబాద్ నుంచి బెంగళూరు మీదుగానో ముంబై మీదుగానో వెళ్తే రెండో విమానం ఎన్నింటికి దిగుతుందో చూసి టిక్కెట్ కొనండి. మధ్యాహ్నం ఒంటిగంట లోపు దిగేది మంచిది. సామాను పరిమితి మనిషికి 20 కిలోలు, చేతి సంచి 5 కిలోలు. పెళ్ళి తర్వాత వెళ్ళే జంటల పెట్టెలు ఎప్పుడూ బరువే, పట్టుచీరలు ఇంట్లో వదిలేయండి. సీప్లేన్ టైము మన చేతిలో ఉండదు. ఏ విమానానికి ఎవరిని ఎక్కించాలో వాళ్ళే కలుపుతారు, మధ్యలో ఇంకో రిసార్టు దగ్గర ఆగొచ్చు. లాంజ్‌లో రెండు మూడు గంటలు కూర్చోవలసి వచ్చినా కంగారు పడకండి.

ఎక్కాక మాత్రం ఆ అరగంట, ముప్పావుగంట ఎన్ని డబ్బులు పెట్టినా తక్కువే అనిపిస్తుంది. పదిహేను సీట్ల చిన్న విమానం, పైలట్లు చెప్పుల్లేకుండా నడుపుతుంటారు, ఏసీ ఉండదు, శబ్దం బాగా ఉంటుంది కాబట్టి చెవిలో దూది పెట్టుకోండి. కిటికీలోంచి చూస్తే నీలం మీద లేత ఆకుపచ్చ వలయాలు ఒకదాని పక్కన ఒకటి. ఆ వలయాలే అటోల్స్. ఏనాడో మునిగిపోయిన అగ్నిపర్వతాల చుట్టూ పెరిగిన పగడపు దిబ్బలు. కెమెరా చేతిలో ఉంచుకోండి కానీ కాసేపు కళ్ళతో కూడా చూడండి. బడ్జెట్ బిగుతుగా ఉంటే మాలేకి దగ్గరలో స్పీడ్‌బోటులో వెళ్ళే రిసార్టులు ఉన్నాయి. సీప్లేన్ రానూపోనూ మనిషికి 400 నుంచి 600 డాలర్లు అయ్యే చోట, స్పీడ్‌బోటు సగానికి లోపే. దానికి రాత్రయినా ఇబ్బంది లేదు. అయితే మాలేకి మరీ దగ్గరైతే రాత్రి ఊరి దీపాలు కనిపిస్తాయి, విమానాలు వినిపిస్తాయి.

ఇక నేను ముఖ్యంగా చెప్పదలుచుకున్న సంగతి. ఈత రాదని నీళ్ళలోకి చూడకుండా వచ్చేయకండి. మన జంటలు చాలామంది నాలుగు రోజులూ డెక్ మీద ఫొటోలు దిగి, ఊయలలో ఊగి, తిరిగి వచ్చేస్తారు. ఆ దేశపు అసలు సంపద నీటి మట్టానికి ఒక్క అడుగు కింద ఉంది. దాన్ని చూడటానికి ఈత రావాల్సిన పని లేదు. తేలడం వస్తే చాలు. లైఫ్ జాకెట్ మిమ్మల్ని తేలుస్తుంది, మీరు చేయాల్సింది ముఖం నీళ్ళలో పెట్టి, నీటి పైకి ఉండే గొట్టం (స్నార్కెల్) ద్వారా నోటితో నెమ్మదిగా గాలి పీల్చుకోవడం మాత్రమే.

మొదటి రోజు సాయంత్రం వాటర్ స్పోర్ట్స్ సెంటర్‌కి వెళ్ళి మాస్క్ (కళ్ళనీ ముక్కునీ కప్పే అద్దం), ఆ గొట్టం తీసుకోండి. పట్టీ తలకి పెట్టకుండా మాస్క్‌ని ముఖానికి ఆనించి ముక్కుతో గాలి లోపలికి లాగండి. చెయ్యి వదిలినా మాస్క్ ముఖానికే అతుక్కుని ఉంటే అది మీ సైజు. జారిపోతే ఇంకోటి అడగండి. మీసం ఉంటే పై పెదవి దగ్గర నీళ్ళు కారుతాయి, కాస్త వ్యాజలీన్ రాస్తే ఆగుతాయి. జుట్టు ఒక్క వెంట్రుక కూడా మాస్క్ కిందికి రాకూడదు. తర్వాత లగూన్‌లో నడుము లోతులో నిలబడి, గొట్టం నోట్లో పెట్టుకుని, వంగి, ముఖం మాత్రమే ముంచండి. మొదటి రెండు మూడు శ్వాసలు కంగారుగా ఉంటాయి. నిలబడిపోండి, మళ్ళీ ముంచండి. పది నిమిషాల్లో ఒంటికి అర్థమైపోతుంది. మొత్తం ముఖాన్ని కప్పే మాస్కులు ఆన్‌లైన్‌లో అమ్ముతారు, కొత్తవాళ్ళు అవి వాడొద్దు. లోపల ఊపిరి ఆడక కంగారు పడితే వెంటనే తీయడం కష్టం.

రెండో రోజు ఉదయం గైడ్‌తో రీఫ్ అంచుకి వెళ్ళండి. "మాకు ఈత రాదు" అని దాచకుండా చెప్పండి. ఆయన ఒక రింగు తెస్తారు, మీరిద్దరూ దాన్ని పట్టుకుంటే ఆయనే లాక్కెళ్తారు. మీరు చూడాలని నేను కోరుకునేది ఆ అంచు. కాళ్ళ కింద రెండు మీటర్ల లోతులో ఉన్న నేల ఉన్నట్టుండి ఆగిపోయి, కింద నీలం తప్ప ఏమీ ఉండదు. ఆ గోడ మీద వందల చేపలు. కాసేపు కాళ్ళు ఆడించకుండా ఉంటే టకటకమని ఏదో కొరుకుతున్న శబ్దం వినిపిస్తుంది. అవి చిలక చేపలు, ప్యారట్‌ఫిష్. ముక్కులాంటి పళ్ళతో పగడాన్ని గీకి నాచు తింటాయి, మింగిన పగడాన్ని తెల్లటి పొడిగా విసర్జిస్తాయి. ఆ చేప తోక వెనక తెల్లటి పొగలా రాలడం కళ్ళారా చూడొచ్చు. మీరు చెప్పుల్లేకుండా నడిచే ఆ బీచ్ ఇసుకలో చాలా భాగం అలా తయారైందే.

పగడం మీద మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ నిలబడకండి, ముట్టుకోకండి. అది ప్రాణి. 1998లో సముద్రం వేడెక్కి అక్కడి పైపై పగడాలు చాలావరకు తెల్లబడి చచ్చిపోయాయి. 2016లో మళ్ళీ, 2024లో మళ్ళీ ఆ దెబ్బ తగిలింది. మీకు కనిపించేది అన్నిటినీ తట్టుకుని మిగిలింది, కొత్తగా మొలిచింది. అక్కడక్కడా బూడిద రంగు దిబ్బలు కనిపిస్తే అవి చచ్చిపోయినవి. సన్‌స్క్రీన్ పూసుకోవడం కన్నా పొడుగు చేతుల స్విమ్ టీషర్టు వేసుకోవడం రీఫ్‌కీ మంచిది, మీకూ మంచిది. మాలే భూమధ్యరేఖకి నాలుగు డిగ్రీల దూరంలోనే ఉంది. నీళ్ళలో బోర్లా తేలుతుంటే చల్లగానే ఉంటుంది, సాయంత్రానికి మెడ, మోకాళ్ళ వెనక కాలిపోతాయి.

లైఫ్ జాకెట్ లేకుండా, గైడ్ లేకుండా లగూన్ దాటి వెళ్ళొద్దు. రెండు దీవుల మధ్య, రీఫ్ తెగిన చోట ప్రవాహం బలంగా ఉంటుంది, పైకి ఏమీ తెలియదు. ఈత వచ్చినవాళ్ళే కొట్టుకుపోయిన సందర్భాలున్నాయి. స్కూబా డెమో (గాలి సిలిండర్ తగిలించుకుని నీటి లోపలికి దిగడం) చేయాలనుకుంటే చివరి రోజుకి పెట్టుకోవద్దు. డైవింగ్ తర్వాత విమానం ఎక్కడానికి కనీసం 18 గంటలు, వీలైతే 24 గంటలు ఆగాలి. సీప్లేన్ కూడా ఆ లెక్కలోకే వస్తుంది. వెళ్ళే ముందు మీకు టైముంటే మీ ఊళ్ళో ఈత కొలనుకి కొన్ని వారాలు వెళ్ళండి. అంతకంటే మంచి పెట్టుబడి ఈ ట్రిప్పుకి లేదు.

సాయంత్రాలు దీవి నెమ్మదిగా ఉంటుంది. చీకటి పడ్డాక పడవలు ఆగే జెట్టీ మీద నిలబడితే దీపం వెలుగులో చిన్న రీఫ్ షార్కులు, టేకు చేపలు తిరుగుతుంటాయి. వాటి జోలికి పోకపోతే ఏమీ చేయవు. అంతకు మించి సందడి ఉండదు. కబుర్లు చెప్పుకునే జంటకి అది వరం, రోజూ కొత్త ఊరు చూడాలనుకునేవాళ్ళకి మూడో రోజుకి విసుగు. నాలుగు రాత్రులు మీకు సరైన లెక్క. నీళ్ళు నీలంగా మెరిసే రాత్రి ఫొటోలు చూపించి ఎవరైనా ఆశ పెడితే నమ్ముకోకండి. ఆ మెరుపు కంటికి కనిపించని జీవుల వల్ల వచ్చేది, ఏ రాత్రి ఎక్కడ వస్తుందో ఏ రిసార్టూ హామీ ఇవ్వలేదు.

కాగితాల సంగతి త్వరగా చెప్పేస్తాను. వీసా దిగాక ఉచితంగానే ఇస్తారు. ప్రయాణానికి 96 గంటల లోపు ఇముగా అనే ప్రభుత్వ సైటులో ఫారం నింపాలి, అది కూడా ఉచితమే. డబ్బులు అడిగితే అది అసలు సైటు కాదు. మీ ఆవిడ పాస్‌పోర్టులో పుట్టింటి ఇంటిపేరే ఉంటుంది కదా, టిక్కెట్టూ రిసార్టు బుకింగూ అదే పేరుతో చేయండి, పెళ్ళయిందని మార్చనక్కర్లేదు. పెళ్ళి సర్టిఫికెట్ కాపీ పెట్టుకోండి, హనీమూన్ రాయితీలకి అడుగుతారు. బ్యాగులో పూజ విగ్రహాలు పెట్టకండి, ఆ దేశంలోకి తీసుకెళ్ళకూడని వస్తువుల జాబితాలో అవి ఉన్నాయి. మద్యం బాటిళ్ళు, ఈ-సిగరెట్లు కూడా అంతే. వచ్చేటప్పుడు పగడపు ముక్కలు, ఇసుక తేవడం నేరం. ప్యాకేజీ మీద ఏజెంటు ముందుగానే వసూలు చేసే పన్ను, అంటే టీసీఎస్, రశీదు జాగ్రత్త చేయండి, ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్‌లో అది మీకు లెక్కకి వస్తుంది. రిసార్టులో బిల్లు డాలర్లలో వస్తుంది కాబట్టి ఫారెక్స్ ఛార్జీ తక్కువ ఉన్న కార్డు తీసుకెళ్ళండి.

కొన్ని రిసార్టులు పగలు ఎక్కువసేపు ఉండాలని తమ గడియారాన్ని మాలే టైము కన్నా గంట ముందుకి పెట్టుకుంటాయి. తిరుగు ప్రయాణం రోజు సీప్లేన్ టైము ఏ గడియారం ప్రకారం చెప్పారో ఒకసారి అడిగి ఖాయం చేసుకోండి.

పాస్‌పోర్టు ఇంకా చేతికి రాకపోతే, లేదా లెక్కలన్నీ వేశాక బడ్జెట్ దాటుతోందనిపిస్తే, అండమాన్‌లో స్వరాజ్ ద్వీప్, అంటే పాత హేవ్‌లాక్, కూడా ఆలోచించండి. రాధానగర్ బీచ్ దగ్గర మంచి రిసార్టులున్నాయి, అడవి ఉంది. అది ఊళ్ళున్న పెద్ద దీవి, ఇంత ఏకాంతం ఉండదు కానీ ఖర్చు మీ చేతిలో ఉంటుంది.

ఇప్పుడు ఏజెంటుకి ఈ ప్రశ్నలు పంపండి. మొత్తం ధరలో సర్వీస్ ఛార్జీ, జీఎస్టీ, గ్రీన్ ట్యాక్స్ ఉన్నాయా? ఫుల్ బోర్డుకి మారితే ఎంత? రెండు రాత్రులు బీచ్ విల్లా, రెండు వాటర్ విల్లా అయితే ఎంత? బీచ్ నుంచి హౌస్ రీఫ్ ఎంత దూరం, లైఫ్ జాకెట్లు, మాస్కులు ఉచితమా, ఈత రానివాళ్ళకి గైడ్ ఉంటారా? వాటర్ విల్లా మెట్ల దగ్గర లోతు ఎంత? జవాబులు వచ్చాక రిసార్టు పేరుతో పాటు ఇక్కడ రాయండి. మ్యాప్‌లో ఆ దీవి చూసి, ఏ వైపు విల్లా అడగాలో చెప్తాను.